వంటింట్లో మన వింత అలవాట్లను పరీక్షించుకోవడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ నాలుగిళ్ళ వంటగదుల్లోకి తొంగిచూసినా నాలుగు రకాల పట్టింపులు కనిపిస్తాయి. ఒక ఇంట్లో ఉప్పును చేతికి చెయ్యి అందించరు. గట్టు మీద పెడితేనే రెండోవారు తీసుకుంటారు. ఇంకో ఇంట్లో పప్పు మెత్తబడే దాకా ఉప్పు పేరెత్తనివ్వరు. ఒకరు కుక్కర్ కూతలను వేళ్ళ మీద లెక్కపెడుతూ, మధ్యలో ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటారు. మరొకరి ఇంట్లో హార్లిక్స్ సీసాలో కారం, బూస్ట్ సీసాలో ఆవాలు ఉంటాయి. ఏ సీసాలో ఏముందో ఆ ఇల్లాలికి తప్ప బ్రహ్మదేవుడికైనా తెలియదు. వీటన్నిటినీ చాదస్తాలని నవ్వి వదిలేయడం సులభం. పెద్దలు చెప్పారు గనుక అన్నీ పాటించాలనడం అంతకన్నా సులభం. అయితే ఈ అలవాట్లలో చాలా మట్టుకు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక నష్టాన్ని తప్పించుకోవడానికి పుట్టినవే గనుక, ఆ నష్టం ఇప్పటికీ ఉందా, ఉంటే ఈ అలవాటు దాన్ని నిజంగా ఆపుతోందా, ఆపడానికి మన దగ్గర ఎంత వసూలు చేస్తోంది అని చూసుకోవడం ఉత్తమం. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా రాసుకోవడం

ఒక వారం పాటు ఏ అలవాటునూ మార్చకుండా, చేసేది చేస్తున్నట్టే చేస్తూ, ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. తన అలవాటు తనకు కనబడదు కాబట్టి ఈ పని ఇంట్లో వంట చేయని మనిషికి అప్పగిస్తే ఇంకా మంచిది. పదో తరగతి చదివే పిల్లవాడు ఈ పనికి బాగా పనికివస్తాడు, ఎందుకంటే వాడికి అమ్మ చేసేదంతా వింతగానే కనిపించే వయసు అది. ప్రతి అలవాటు పక్కన ఏం చేస్తున్నారో, ఎప్పుడు చేస్తున్నారో రాయడంతో ఆగకుండా, అలా చేయకపోతే ఏమవుతుందని భయపడుతున్నారో కూడా రాయాలి. అసలు విషయం ఈ మూడో మాటలోనే ఉంటుంది. భయం ఏమిటో తెలియని అలవాటును పరీక్షించడానికి దారి లేదు.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు ప్రశ్న వేసే తీరు ముఖ్యం. "ఎందుకలా చేస్తారు?" అని అడిగితే తప్పు పట్టినట్టు వినబడుతుంది, "మా అమ్మ అలాగే చేసేది" అన్న జవాబుతో మాట ముగిసిపోతుంది. "అలా చేయకపోతే ఏమవుతుంది?" అని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. "మామ్మా, ఆవ ముందే వేసేస్తే ఏటవుద్ది?" అని ఒక మనవరాలు అడిగితే, "ఏటవుద్ది, ఘాటు పోయి సేదెక్కిపోద్ది" అని ముసలామె వెంటనే చెప్పగలదు. అందులో కారణం, ఫలితం రెండూ ఉన్నాయి. ఇక పరీక్షించడం మన పని.

కారణం గట్టిగా ఉన్న అలవాట్లు

ఆ ఆవ సంగతే ముందు చూద్దాం. మన వైపు పనసపొట్టు కూరకైనా, అరటికాయ కూరకైనా, కంద కూరకైనా ఆవ పెట్టే ఇళ్ళలో ఒక గట్టి నియమం ఉంటుంది: పొయ్యి కట్టేసి, కూర కాస్త వేడి తగ్గిన తరువాతే నూరిన ఆవముద్ద కలపాలి. చూసేవారికి ఇది కేవలం పట్టుదలగా తోచవచ్చు. కాని ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి నీటితో కలిసినప్పుడు, దానిలోని ఒక ఎంజైము మరో పదార్థాన్ని విడగొట్టగా ఆ ఘాటు అప్పటికప్పుడు పుడుతుంది. వేడి తగిలితే ఎంజైము పనిచేయడం మానేస్తుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో ఎగిరిపోతుంది. పోపులో చిటపటలాడించిన ఆవాలు ముక్కుకెక్కకపోవడానికీ, అదే ఆవాలను నానబెట్టి ఎండుమిర్చితో నూరితే కళ్ళ నీళ్ళు తిరగడానికీ కారణం ఇదే. కాబట్టి ఈ అలవాటును మార్చవలసిన పని లేదు. నూరిన ముద్దను కొద్ది నిమిషాలు పక్కన ఉంచి, అప్పుడు కలిపితే ఘాటు ఇంకా బాగా వస్తుంది.

పరమాన్నంలో బెల్లాన్ని దించిన తరువాతే వేయాలన్న నియమం కూడా ఇలాంటిదే. రథసప్తమి నాడు అరసవల్లి సూర్యనారాయణ స్వామిని తలుచుకుని, చిక్కుడాకుల మీద పరమాన్నం పెట్టే ఇళ్ళలో ఇది బాగా తెలిసిన సంగతి. బెల్లంలో కొద్దిగా పులుపు గుణం ఉంటుంది. మరుగుతున్న పాలలో అది పడితే పాలు విరిగే అవకాశం ఎక్కువ. బెల్లాన్ని విడిగా కొద్ది నీళ్ళలో కరిగించి, వడకట్టి, అన్నం పాలలో పూర్తిగా ఉడికి పొయ్యి దిగిన తరువాత కలిపితే ఆ భయం ఉండదు, బెల్లంలోని ఇసుకా పోతుంది. ఇక్కడ ఒక మినహాయింపు కూడా తెలుసుకోవాలి: బెల్లం పడిన తరువాత బియ్యం ఇక సరిగా మెత్తబడదు, కాబట్టి అన్నం ఇంకా పలుకుగా ఉండగానే తొందరపడి దించకూడదు.

ఉద్దానం నుంచి పనసకాయ ఇంటికి వచ్చిన రోజున కత్తిపీటకూ చేతులకూ నూనె రాసుకోవడం, అరటికాయ ముక్కలను తరిగినవి తరిగినట్టే మజ్జిగ కలిపిన నీళ్ళలో వేయడం, చేపల పులుసును గరిటెతో కలపకుండా దాకను రెండు చేతులతో పట్టి తిప్పడం, వీటన్నిటికీ స్పష్టమైన కారణాలున్నాయి. పనస జిగురు నీటికి వదలదు, నూనెకు వదులుతుంది. మజ్జిగ పులుపు అరటి ముక్క నల్లబడడాన్ని ఆలస్యం చేస్తుంది. ఉడికిన చేప కండ పొరలు పొరలుగా విడిపోతుంది గనుక గరిటె తగిలితే ముక్క చెదిరిపోతుంది.

ఆనపకాయ తరిగే ముందు ఒక చిన్న ముక్కను నాలుకకు తగిలించి చూసే అలవాటు ఉన్నవారిని ఇంట్లో అందరూ వేళాకోళం చేస్తారు. ఈ ఒక్క విషయంలో వేళాకోళాన్ని మానుకోవాలని గట్టిగా చెబుతాను. ఆనపకాయ, దోసకాయ, బీరకాయ వంటి తీగకాయల్లో అప్పుడప్పుడు చేదు పదార్థాలు ఎక్కువగా చేరతాయి. అవి ఉడికించినా పోవు, ఎక్కువ మోతాదులో తింటే వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదకు రావచ్చు. ముక్క చేదుగా ఉంటే ఉమ్మేసి కాయను పారేయాలి. ఉప్పు వేసి, బెల్లం వేసి చేదును కప్పిపుచ్చకూడదు. దోసకాయ తొడిమ కోసి ఆ ముక్కతోనే రుద్దితే తెల్లటి నురుగు వచ్చి చేదు పోతుందన్న అలవాటు మాత్రం నమ్మదగినది కాదు. అలా రుద్దినా నాలుకతో చూడక తప్పదు.

ఇత్తడి గిన్నెల మాటకు వస్తే, శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి సామానుకు పేరుపొందిన ఊరు గనుక మన వైపు పాత ఇళ్ళలో ఆ సామాను ఇంకా కనిపిస్తుంది. "కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచకూడదు" అన్న నియమాన్ని కొందరు కోడళ్ళు పాతకాలపు మాటగా కొట్టిపారేసి, అటక మీది గిన్నెలను దించి, తోమి, మురిపెంగా వాటిలోనే చారు పెడుతున్నారు. ఇది మంచి పని కాదు. చింతపండు రుద్దితే ఇత్తడి తళతళలాడుతుందని అందరికీ తెలుసు; ఆ మెరుపు రావడమంటే పైపొర పులుపులో కరిగిపోవడమే. అదే చింతపండు గిన్నెలో మరిగితే కరిగిన రాగి చారులోకి దిగుతుంది, కడుపులో తిప్పుతుంది. తగరంతో కళాయి వేయించిన గిన్నెలో భయం లేదు గాని, కళాయి అరిగి అడుగున పసుపు రంగు తొంగిచూడగానే మళ్ళీ వేయించాలి. కళాయి లేని గిన్నెలో నీళ్ళు నిలవ ఉంచుకోవచ్చు, పెరుగు, మజ్జిగ, నిమ్మరసం పోయకూడదు.

సగం నిజమున్న అలవాట్లు

ఎక్కువ గొడవలు ఈ రకం అలవాట్ల దగ్గరే వస్తాయి, ఎందుకంటే పాటించేవారి దగ్గరా కాదనేవారి దగ్గరా చెరొక సాక్ష్యం ఉంటుంది.

"పప్పులో ముందే ఉప్పు వేస్తే ఉడకదు" అన్నదాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే డబ్బాలోని కందిపప్పును మూడు చిన్న గిన్నెల్లో సమానంగా పోసి, సమానంగా నీళ్ళు పోయండి. ఒకదానిలో ఏమీ వేయకండి, రెండోదానిలో చెంచాలో సగం ఉప్పు, మూడోదానిలో కాస్త చింతపండు పులుసు వేయండి. మూడింటినీ ఒకే కుక్కర్‌లో, ఒకేసారి ఉడికించండి. ఆవిరి పోయిన తరువాత ప్రతి గిన్నెలోంచి ఒక్కొక్క పప్పు బద్దను తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడండి. ఉత్త పప్పు, ఉప్పు పప్పు దాదాపు ఒకేలా నలుగుతాయి. పులుపు పడిన బద్ద మాత్రం వేళ్ళ మధ్య అంచులు అంచులుగా నిలిచి, మధ్యలో గట్టిగా తగులుతుంది. గింజ గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపు ఉంటే తొందరగా కరగదు. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళలోనూ అలాగే మొండికేస్తుంది. కాబట్టి ఉప్పు మీద పడిన నింద చాలా వరకు చింతపండుకూ నీళ్ళకూ చెందవలసినది. ఉప్పు ముందు వేసినా, వెనుక వేసినా మీ ఇష్టం. చింతపండును, మామిడికాయను, టమాటాను మాత్రం పప్పు మెత్తబడిన తరువాతే చేర్చండి. మంచినీళ్ళలో ఉడికిన పప్పు బోరు నీళ్ళలో ఉడకకపోతే, పప్పును తిట్టకుండా ఒక రోజు మంచినీళ్ళతో వండి చూడండి.

కుక్కర్ కూతలు లెక్కపెట్టడంలో లోపం లెక్కలో లేదు, కూతలో ఉంది. కుక్కర్ లోపల వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన తరువాత అక్కడే ఉంటుంది. అంతకు మించి పుట్టిన ఆవిరి బరువును లేపి బయటికి పోయినప్పుడల్లా కూత వస్తుంది. మంట పెద్దదైతే కూతలు గబగబా వస్తాయి, చిన్నదైతే ఆలస్యంగా వస్తాయి, రబ్బరు వదులైతే అసలే రావు. పప్పు ఉడకడానికి కావలసింది కాలం. మొదటి కూత రాగానే మంట తగ్గించి, గడియారం చూసుకోండి. మీ పప్పుకు, మీ కుక్కర్‌కు ఎన్ని నిమిషాలు పడుతుందో ఒకసారి తెలిస్తే ఆ తరువాత లెక్క తప్పదు, పలకరించినవారి మీద విసుక్కోవలసిన అవసరమూ ఉండదు.

బియ్యం మీద వేలు నిలబెట్టి, మొదటి గణుపు దాకా నీళ్ళు పోసే పద్ధతి చాలామందికి జీవితాంతం తప్పకుండా పనిచేస్తుంది. అదే మనిషి కూతురింటికి వెళ్ళి అక్కడి వెడల్పాటి గిన్నెలో అదే గణుపు కొలతతో వండితే అన్నం జావ అవుతుంది. బియ్యం పీల్చుకునే నీరు బియ్యం కొలతను బట్టి ఉంటుంది. వేలు చూపించే నీరు గిన్నె వెడల్పును బట్టి పెరుగుతుంది. గిన్నె మారకపోతే వేలిని నమ్మండి. గిన్నె మారినా, కొత్త బియ్యం వచ్చినా గ్లాసుతో కొలవండి. కొత్త బియ్యానికి పాత బియ్యం కన్నా ఎసరు తక్కువ పడుతుంది.

మొదటి అట్టు పాడవడం శకునం కాదు. పెనం వేడెక్కకముందే పిండి పోయడం గాని, నూనె మరీ ఎక్కువగా వేయడం గాని దానికి కారణం. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా రుద్దే అలవాటు చాలా మంచిది, ఎందుకంటే అది నూనెను పలచటి పొరగా పరుస్తుంది. ఇడ్లీ పిండిని చేత్తో కలిపితేనే పులుస్తుందన్నది కూడా సగమే నిజం: పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు మినపప్పుతోనే వస్తాయి, చేతి నుంచి రావలసిన అవసరం లేదు. చేత్తో బాగా గిలకొట్టినప్పుడు గాలి కలవడం వల్ల పిండి తేలికపడుతుంది, అంతే. చలికాలంలో పిండి పొంగకపోతే చేతిని అనుమానించకుండా, గిన్నెను వెచ్చటి చోట పెట్టండి.

కందిపప్పు డబ్బాలో ఎండుమిరపకాయలు, బియ్యంలో ఎండు వేపాకు వేస్తే బయటి పురుగు దరి చేరడం కొంత తగ్గవచ్చు గాని, దుకాణం నుంచే లోపల గుడ్లు ఉంటే ఇవేమీ చేయవు. కొన్న సరుకును మంచి ఎండలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారిన తరువాత డబ్బాలో పోయండి. డీప్ ఫ్రీజర్ ఉన్నవారు నాలుగైదు రోజులు అందులో ఉంచి తీస్తే గుడ్లు కూడా చస్తాయి. పలాస జీడిపప్పును మాత్రం ఎండబెట్టకండి. దానిలోని నూనెకు వేడి, వెలుతురు తగిలితే ముక్కవాసన వస్తుంది. గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచడమే సరైనది.

మానుకోవలసినవి

ఉప్పు చూసే తీరు అన్ని ఇళ్ళలోనూ ఒక్కటే. గరిటె అంచు నుంచి రెండు చుక్కలను ఎడమ అరచేతి గుంటలో వేసుకుని, ఊది, నాలుకతో అందుకుని, కళ్ళు ఒక్క క్షణం పైకెత్తి ఆలోచించి, ఆ చేతిని చీర కొంగుకో నైటీకో తుడుచుకుని, అదే చేత్తో పోపుల డబ్బా మూత తీస్తారు. గరిటెను నోటికి తగిలించకుండా చేతిలో వేసుకోవడం వరకు ఈ అలవాటు శుభ్రమైనదే. తుడుచుకోవడం దగ్గరే తేడా వస్తుంది. పొయ్యి పక్కన ఒక చిన్న గిన్నె, రెండు చెంచాలు పెట్టుకుంటే సరిపోతుంది. గరిటెతో గిన్నెలో పోసుకుని, చెంచాతో రుచి చూసి, ఆ చెంచాను తొట్టిలో వేసేయాలి.

మసిగుడ్డ దీనికన్నా పెద్ద దోషి. వేడి తపేలా దించడానికీ, గట్టు తుడవడానికీ, చేతులు తుడుచుకోవడానికీ, అప్పుడే కడిగిన పళ్ళేన్ని ఆరబెట్టడానికీ ఒకటే గుడ్డ వాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, అది ఎప్పుడూ సగం తడిగానే ఉంటుంది. గిన్నెలు దించడానికి ఒకటి, గట్టుకు ఒకటి, చేతులకు ఒకటి, మూడు వేరు వేరు రంగుల గుడ్డలు పెట్టుకుని, రోజూ ఉతికి ఎండలో వేయండి. తడి గుడ్డతో వేడి గిన్నెను పట్టుకుంటే ఆ తడి ఆవిరై చేతిని కాలుస్తుంది గనుక, దించే గుడ్డ ఎప్పుడూ పొడిగానే ఉండాలి. పట్టకారు ఉంటే ఈ బాధే లేదు.

సీసాల విషయంలో హార్లిక్స్ సీసాలో కారం ఉంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. మూత బిగుతుగా ఉంటుంది, లోపలిది కనిపిస్తుంది, డబ్బు ఖర్చు లేదు. ఒక కాగితం ముక్క మీద పేరు రాసి అంటిస్తే ఊరి నుంచి వచ్చిన ఆడపడుచు టీలో పంచదార అనుకుని ఉప్పు వేయకుండా ఉంటుంది. కాని ఫినాయిలు, యాసిడ్, కిరోసిన్ వంటివాటిని మంచినీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి గట్టు కింద పెట్టడం ప్రాణాంతకమైన అలవాటు. పేరు అంటించినా చాలదు, ఎందుకంటే దాహం వేసిన పిల్లలు పేరు చదవరు. వాటిని వచ్చిన సీసాల్లోనే ఉంచి, వంటగది బయట, పిల్లలకు అందని చోట పెట్టాలి.

బూరెల మూకుడులో మిగిలిన నూనెను వారాల తరబడి మళ్ళీ మళ్ళీ కాచడం పొదుపుగా కనిపిస్తుంది. కాగిన కొద్దీ నూనె విరిగి, హాని చేసే ధ్రువ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని దేశంలోని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం పెట్టింది. ఇంట్లో దాన్ని కొలిచే పరికరం ఉండదు గనుక కంటినీ ముక్కునూ వాడాలి: నూనె నల్లబడి చిక్కబడినా, వేయించేటప్పుడు పైన నురుగు నిలిచిపోయినా, మామూలు కన్నా ముందే పొగ వచ్చినా పారేయాలి. ఒకసారి కాచిన నూనెను వడకట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకు వాడేసుకోవడం మంచి పద్ధతి.

రాత్రి మిగిలిన అన్నాన్ని పొయ్యి మీదే తెల్లవార్లూ వదిలేసి, పొద్దున్నే వేడిచేసి తినడం ఇంకొకటి. వండినా చావని కొన్ని బీజాలు వెచ్చటి అన్నంలో మళ్ళీ పెరిగి, వేడిచేసినా పోని విషాన్ని విడుస్తాయి. అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పరిచి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. చద్దన్నం తినే ఇళ్ళలో చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్ళు, కాస్త మజ్జిగ కలిపి పులియనిస్తారు. ఆ పులుపు చెడు సూక్ష్మజీవులను చాలా వరకు అణచి ఉంచుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడకండి. పొద్దున్న అన్నం జిగటగా సాగినా, పులుపు కాక మురుగు వాసన వచ్చినా చోడి అంబలితో సరిపెట్టుకోవడం మేలు.

ఊరగాయ జాడీ దగ్గర రెండు నియమాలు కలిసి నడుస్తుంటాయి. తడి చెయ్యి, తడి గరిటె తగలకూడదన్నది, వాడకం లేనప్పుడు వాసెన కట్టి ఉంచాలన్నది నూటికి నూరుపాళ్ళూ సరైనవి, ఎందుకంటే తడి చేరిన చోటే బూజు పడుతుంది. నెలసరిలో ఉన్న ఆడపిల్ల ముట్టుకుంటే ఊరగాయ పాడవుతుందన్నదానికి ఏ ఆధారమూ లేదు. ఉప్పు తగ్గినా, ముక్క సరిగా ఆరకపోయినా, నూనె పైదాకా నిలవకపోయినా పాడయ్యే ఊరగాయ నింద ఇంటి పిల్ల మీద పడుతుంది. ఈ అలవాటును నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం కూడా అక్కర్లేదు, మానేస్తే చాలు.

నమ్మకాల జోలికి ఎంతవరకు పోవాలి

ఉప్పు చేతికి ఇవ్వకపోవడం, దీపాలు పెట్టిన తరువాత పెరుగు తోడు, ఉప్పు అరువు ఇవ్వకపోవడం వంటివాటికి పరీక్ష అవసరం లేదు. వీటికి ఖర్చు లేదు, ఎవరి ఆరోగ్యమూ చెడదు, ఎవరినీ చిన్నబుచ్చవు. ఉప్పు డబ్బాను గట్టు మీద పెట్టండి, ఆవిడ తీసుకుంటారు. తోడు కావాలంటే సాయంత్రం కాకముందే పక్కింటికి వెళ్ళండి.

పెద్దవాళ్ళ చేతి కొలతను పట్టుకోవడం

పెద్దావిడ వంటలో అన్నిటికన్నా వింతగా తోచే అలవాటు, కొలవకుండా వేయడం. దాన్ని మాన్పించాలనుకోవడం వృథా, నేర్చుకోవడం సాధ్యం. ఆవిడ పోపు వేస్తున్నప్పుడు మూకుడు పైన ఒక చిన్న పళ్ళెం అడ్డం పెట్టి, "అత్తయ్యా, ఇందులో వేయండి" అనండి. ఆ చిటికెడు మెంతులను, ఆ పిడికెడు శనగపప్పును చెంచాతోనో త్రాసుతోనో కొలిచి రాసుకుని, మళ్ళీ మూకుడులో వేయండి. ఒకే వంటకాన్ని వేరు వేరు రోజుల్లో ఇలా కొలిస్తే ఆవిడ చెయ్యి ఎంత స్థిరంగా ఉందో చూసి ఆశ్చర్యపోతారు. "నిమ్మకాయంత చింతపండు" దగ్గర మాత్రం జాగ్రత్త: ఏ నిమ్మకాయ అన్నది ఎవరూ చెప్పరు, పైగా కొత్త చింతపండు, పాత చింతపండు పులుపులో చాలా తేడా ఉంటుంది గనుక, ఉండ పరిమాణంతో పాటు పిండిన రసం కొలతను కూడా రాసుకోవాలి.

పాత ఇళ్ళలో బియ్యం కొలవడానికి సోల, తవ్వ ఇంకా వాడుతుంటే, పుస్తకాల్లో ఉన్న లెక్కను నమ్మకండి. నాలుగు గిద్దలు ఒక సోల అన్నది నిజమే అయినా, ఏ ఇంటి సోల ఆ ఇంటిదే. దాన్ని అంచు దాకా నీళ్ళతో నింపి, మిల్లీలీటర్ల గుర్తులున్న పాత్రలో పోసి చూసి, ఆ అంకెను సోల అడుగున రంగుతో రాసేయండి.

ఒక వంటగదిలో ఇద్దరు

అలవాటు మార్చుకోవలసింది అత్తగారైనా, కోడలైనా, ఆ మాట నూనె కాగుతున్నప్పుడు ఎత్తకూడదు, పండుగ నాడు ఎత్తకూడదు, చుట్టాల ముందు అసలే ఎత్తకూడదు. భోజనాలు అయి, అంట్లు తోమే వేళ మంచి సమయం. "మీరు తప్పు చేస్తున్నారు" అనకుండా, మూడు గిన్నెల పప్పు లాంటి పరీక్ష ఒకటి ఇద్దరూ కలిసి చేయండి. బద్దను ఎవరి వేళ్ళతో వారు నొక్కి చూసిన తరువాత వాదించడానికి మిగిలేది తక్కువ. ఒకేసారి ఒక్క అలవాటునే కదపండి. రెండు మార్పులు ఒకే రోజున చేస్తే కూర బాగున్నా, పాడైనా దేని వల్ల అయిందో తెలియదు. ప్రాణానికి సంబంధించని వాటిలో ఎవరి గరిటె వారిది, ఎవరి పోపుల డబ్బా వరస వారిది అని వదిలేయడం ఇంటికి మంచిది. పోపుల డబ్బాలో ఆవాలు ఎడమ వైపు ఉండాలా, కుడి వైపు ఉండాలా అన్నదాని మీద ఎవరూ ఎవరినీ ఒప్పించగా నేను చూడలేదు.

పడుకునే ముందు గ్యాస్ రెగ్యులేటర్‌ను రెండుసార్లు, మూడుసార్లు లేచి చూసుకునేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. రాత్రి పూట రెగ్యులేటర్ కట్టేయడం చాలా మంచి అలవాటు; లేచి లేచి చూడడం మాత్రం నిద్రకు చేటు. వంటగది లోంచి చివరగా బయటికి వచ్చే మనిషి ఎవరో ఇంట్లో ముందే అనుకుని, ఆ మనిషి రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి, కట్టేసి, "గ్యాస్ కట్టేశాను" అని ఇంట్లో అందరికీ వినబడేలా పైకి అనాలి. అలా అన్న మాట గుర్తుంటుంది గనుక మళ్ళీ లేవవలసిన పని ఉండదు. గొట్టం మీద ముద్రించిన గడువు తేదీని చూసుకుని, ఐదేళ్ళు దాటకుండా మార్పించండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, ఇంట్లోవారందరూ బయటికి వచ్చిన తరువాత 1906 నంబరుకు ఫోను చేయాలి. ఆ నంబరును వంటగదిలో కాకుండా వీధి గుమ్మం పక్కన గోడ మీద రాసి ఉంచండి.